సిగ్నల్ లేని చౌరస్తాలో ఎవరు ఆగాలి?

కాలనీలో రెండు రోడ్లు అడ్డంగా కలిసే చోటు. సిగ్నల్ లేదు, పోలీసు లేడు, ఏ బోర్డూ లేదు. మీరు కారులో దక్షిణం నుంచి ఉత్తరానికి పోతున్నారు. కుడివైపు రోడ్డులోంచి ఒక ఆటో, ఎడమవైపు రోడ్డులోంచి ఒక స్కూటీ వస్తున్నాయి. ముగ్గురూ ఇంచుమించు ఒకేసారి కూడలికి చేరారు, ముగ్గురూ తిన్నగానే పోవాలి. ముందు ఎవరు?

డ్రైవింగ్ నేర్చుకుంటున్నవాళ్ళని అడిగి చూడండి. పెద్ద బండి అని ఒకరంటారు, ముందు హారన్ కొట్టినవాళ్ళని ఇంకొకరు, ముందు ముక్కు దూర్చినవాళ్ళని మరొకరు. లైసెన్సొచ్చి పదేళ్ళయినవాళ్ళ జవాబులూ ఇంతకంటే మెరుగ్గా ఉండవు. చట్టం మాత్రం తడుముకోదు. ఆటో ముందు, తర్వాత మీరు, ఆఖర్న స్కూటీ.

1989 నాటి రోడ్డు నియమాల్లోనే ఈ సూత్రం ఉంది. వాటి స్థానంలో 2017లో మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు వచ్చాయి గానీ సూత్రం మారలేదు. ట్రాఫిక్‌ని ఎవరూ నియంత్రించని కూడలిలోకి వెళ్ళే డ్రైవరు తన కుడిచేతి వైపు నుంచి వచ్చే బండ్లకి దారి ఇవ్వాలి. మీ కుడివైపు ఆటో ఉంది, కాబట్టి మీరు ఆగాలి. స్కూటీ మీదున్న అమ్మాయికి కుడివైపు మీరున్నారు, కాబట్టి ఆమె ఆగాలి. ఆటోకి కుడివైపు, అంటే ఉత్తరం రోడ్డులో, ఎవరూ లేరు. అతను ఆగనక్కర్లేదు.

ఎడమవైపు కాకుండా కుడివైపే ఎందుకు? కాగితం మీద రెండు గీతలు గీసి చూస్తే తెలిసిపోతుంది. మనం రోడ్డుకి ఎడమ పక్కన నడుపుతాం. కుడి నుంచి వచ్చే బండి కూడా తన ఎడమ పక్కనే వస్తుంది కదా, అంటే మీరు కూడలిలోకి అడుగుపెట్టగానే మొదట తగిలే సగంలో అది ఉంటుంది. ఎడమ నుంచి వచ్చేది అవతలి సగంలో ఉంటుంది. మీరు అక్కడికి చేరేలోపు ఒకటి రెండు క్షణాల వ్యవధి దొరుకుతుంది. ముందు గుద్దుకునే అవకాశం కుడివైపు బండితోనే, అందుకే చూపు కూడా ముందు కుడికే పోవాలి. కుడికి, ఎడమకి, మళ్ళీ ఓసారి కుడికి. కారులో ఇంకో చిక్కుంది. ముందు అద్దానికి కుడి అంచున ఉండే స్తంభం డ్రైవరు కంటికి బాగా దగ్గరగా ఉంటుంది, దాని వెనక ఒక బైకు మొత్తం దాక్కోగలదు. సీట్లో కొంచెం ముందుకి వంగి, తల అటూ ఇటూ జరిపి చూస్తే తప్ప కనపడదు. మెడ తిప్పితే చాలనుకునే లెర్నర్లకి ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి.

నాలుగు దిక్కుల నుంచీ నాలుగు బండ్లు ఒకేసారి వస్తే ప్రతి ఒక్కరికీ కుడివైపు ఇంకొకరు ఉంటారు. నియమం ప్రకారం నలుగురూ ఆగాలి, ఎవరూ కదలకూడదు! దీనికి లెక్కతో తేలే పరిష్కారం లేదు. ఎవరో ఒకరు చెయ్యి ఊపి ఎదుటివాళ్ళని పొమ్మనాల్సిందే. నిజం చెప్పాలంటే, మన దగ్గర చెయ్యి ఊపేవాళ్ళకంటే ఆ సందులోంచి దూరిపోయే ఐదో మనిషే ముందు కనిపిస్తాడు.

ఈ కుడిచేతి సూత్రం అన్నిటికంటే చివర వచ్చేది. దానిపైన ఇంకా మెట్లున్నాయి. మన దగ్గర గందరగోళమంతా ఈ మెట్ల వరస తెలియక వచ్చిందే. కూడలిలో ట్రాఫిక్ పోలీసు నిలబడి చెయ్యి చూపిస్తుంటే ఇక సిగ్నల్‌తో పనిలేదు, ఎర్రలైటున్నా అతను రమ్మంటే పోవాలి, పచ్చలైటున్నా ఆపితే ఆగాలి. పోలీసు లేకపోతే సిగ్నల్ మాట చెల్లుతుంది. సిగ్నలూ లేకపోతే బోర్డులు చూడాలి. ఎనిమిది మూలల ఎర్ర ‘స్టాప్’ బోర్డుంటే చక్రం పూర్తిగా ఆగాలి. తలకిందులుగా ఉన్న త్రిభుజం, తెల్లటి మధ్య భాగం, ఎర్ర అంచు ఉంటే దారి ఇవ్వమని. ఎవరూ రాకపోతే ఆగనక్కర్లేదు, వస్తుంటే మాత్రం ఆగాలి. బోర్డు కూడా లేకపోతే ఏది మెయిన్ రోడ్డో చూడాలి. పక్క రోడ్డులోంచి మెయిన్ రోడ్డెక్కేవాళ్ళు, దాని మీద వచ్చే బండ్లు కుడి నుంచి వచ్చినా ఎడమ నుంచి వచ్చినా, వాటికి దారి వదలాలి. ఇవేవీ వర్తించని చోట మాత్రమే కుడిచేతి సూత్రం.

అర్ధరాత్రి దాటాక కొన్ని సిగ్నళ్ళు పసుపు లైటుని మిణుకు మిణుకుమనిపిస్తూ ఉంటాయి. చాలామంది దాన్ని ‘సిగ్నల్ ఆపేశారు, ఇక పోవచ్చు’ అని చదువుకుంటారు. దాని అర్థం నెమ్మదించి చూసుకుని పొమ్మని. అంటే ఆ కాసేపు ఆ పెద్ద జంక్షన్ కూడా మీ కాలనీ చౌరస్తా లాంటిదే, పైన చెప్పిన నియమాలన్నీ వర్తిస్తాయి. ఎర్రలైటే మిణుకుమంటుంటే స్టాప్ బోర్డుతో సమానం. పూర్తిగా ఆగి, ఖాళీ చూసుకుని కదలాలి.

ఇక అసలు మెలిక. ఈ నియమాల సారం ‘ఫలానావాడు ముందు పోవచ్చు, అది వాడి హక్కు’ అని కాదు. ‘ఫలానావాడు దారి ఇవ్వాలి’ అని. బ్రిటన్ హైవే కోడ్ అయితే దీన్ని దాపరికం లేకుండా రాసుకుంది. ఈ నియమాలు ఏ పరిస్థితిలోనూ మీకు దారి మీద హక్కు ఇవ్వవు, ఎదుటివాళ్ళకి ఎప్పుడు దారి ఇవ్వాలో మాత్రమే చెబుతాయి అని. మన 1989 నియమాల్లోనూ కూడలి దగ్గరికి వచ్చే ప్రతి డ్రైవరూ వేగం తగ్గించాలనీ, అక్కడున్నవాళ్ళకి ప్రమాదం లేదని తెలిసేదాకా లోపలికి అడుగుపెట్టకూడదనీ ఉండేది. దారి ఇవ్వాల్సినవాడికి ఒక నియమం, పుచ్చుకునేవాడికి మినహాయింపు అని లేదు. ఇద్దరూ నెమ్మదించాల్సిందే.

ఇది ఉపదేశం కాదు, డబ్బుతో ముడిపడ్డ సంగతి. ప్రమాదం జరిగి కేసు మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్‌కి వెళ్ళినప్పుడు ఎవరి నిర్లక్ష్యం ఎంతో చూస్తారు. మీరు మెయిన్ రోడ్డు మీదే ఉన్నారు, పక్క సందులోంచి బైకు దూసుకొచ్చింది, నిజమే. కానీ జంక్షన్ కనపడుతున్నా మీరు వేగం తగ్గించలేదని తేలితే తప్పులో కొంత వాటా మీ ఖాతాలోనూ వేస్తారు, ఆ మేరకు మీకు రావాల్సిన పరిహారం తగ్గుతుంది. సిగ్నల్ ఎగ్గొట్టడం, స్టాప్ బోర్డుని లెక్కచేయకపోవడం, ఎదురు దిశలో నడపడం 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌లోకి, అంటే ప్రమాదకరంగా నడపడం కిందికి వచ్చాయి. మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ.

అలాగని అందరికీ దారి ఇచ్చుకుంటూ పోవడమూ మంచిది కాదు. భయం ఎక్కువున్న లెర్నర్లు తమకి దారి ఉన్నచోట కూడా ఠక్కున బ్రేకేస్తారు. వెనకొచ్చేవాడు మీరు పోతారనుకుంటాడు, వచ్చి డిక్కీకి తగిలిస్తాడు. జాలిపడి మధ్య రోడ్డులో ఆగి, దాటుతున్న పెద్దాయన్ని ‘రండి’ అని చెయ్యి ఊపితే ఆయన మీ కారు ముందుకి నమ్మకంగా వస్తాడు, మీ పక్క లేన్‌లో వస్తున్న బైకువాడికి ఆయన కనపడడు. ఒకరికి దారి ఇవ్వడం వేరు, మిగతా అందరి తరఫునా హామీ ఇవ్వడం వేరు.

కుడికి తిరగడం దగ్గర ఎక్కువ తగాదాలొస్తాయి. మనం ఎడమ పక్కన నడుపుతాం గనక కుడికి తిరగాలంటే ఎదురొచ్చే వరసని కోసుకుంటూ పోవాలి. తిన్నగా ఎదురొచ్చేవాళ్ళకే ముందు దారి. మీకు పచ్చలైటున్నా, అటువైపూ పచ్చలైటే ఉంటే ఆగి, వాళ్ళలో ఖాళీ దొరికాకే తిరగాలి. బాణం గుర్తుతో ప్రత్యేకంగా కుడి సిగ్నల్ ఇచ్చిన చోట ఈ బాధ లేదు. యూ టర్న్ తీసుకునేవాళ్ళది ఇంకా కింది వరస, తిన్నగా వచ్చేవాళ్ళందరి తర్వాతే వాళ్ళు. హైదరాబాద్‌లో చాలా జంక్షన్లు మూసేసి కొంత దూరంలో యూ టర్న్‌లు పెట్టాక ఇది రోజూ ఎదురయ్యే వ్యవహారమైంది. కారు ముక్కుని డివైడర్ సందులోంచి అంగుళం అంగుళం బయటికి నెట్టి అవతలివాళ్ళని ఆపే పద్ధతి అందరికీ తెలిసిందే. అది పనిచేస్తుంది కూడా, ఎదురుగా లోడు లారీ వచ్చే రోజు దాకా. లోడుతో ఉన్న లారీకి బ్రేకేస్తే ఆగడానికి కారుకంటే చాలా ఎక్కువ దూరం కావాలి, దాని డ్రైవరుకి ఇష్టం ఉన్నా లేకపోయినా.

ఇక్కడే ఒక దురలవాటు గురించి చెప్పాలి. జంక్షన్‌లో తిన్నగా పోవడానికి రెండు ఇండికేటర్లూ కలిపి వెలిగించడం మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంది, కొన్నిచోట్ల నేర్పించేవాళ్ళే అలా చెబుతున్నారు. పక్క రోడ్డులోంచి చూసేవాడికి మీ బండి ఒక వైపే కనిపిస్తుంది, అంటే ఒక ఇండికేటరే కనిపిస్తుంది. మీ ఎడమ పక్కన ఉన్నవాడు మీరు ఎడమకి తిరుగుతున్నారని లెక్కేసుకుని ముందుకొచ్చేస్తాడు, మీరు తిన్నగా వెళ్ళి అతన్ని గుద్దుతారు. తిన్నగా పోవడానికి ఏ లైటూ అక్కర్లేదు. హెడ్‌లైట్ల వ్యవహారం ఇంకో తమాషా. బ్రిటన్‌లో ఎదుటివాడు లైట్లు ఆర్పి వెలిగిస్తే చాలామంది ‘నువ్వు పో’ అనే అర్థం చేసుకుంటారు, మన దగ్గర ‘నేనొస్తున్నా, తప్పుకో’ అని. ఇక హారన్ ‘నేనున్నాను’ అని చెప్పగలదు, అంతే. కొట్టినంత మాత్రాన ముందు పోయే అర్హత రాదు.

గుండ్రటి సర్కిళ్ళ దగ్గర నియమం తేలిక, ఆచరణ కష్టం. ఇప్పటికే సర్కిల్‌లో తిరుగుతున్నవాళ్ళకి బయటి నుంచి వచ్చేవాళ్ళు దారి ఇవ్వాలి. మన సర్కిళ్ళు గడియారం ముల్లు తిరిగే దిశలో తిరుగుతాయి గనక లోపలున్న బండి ఎప్పుడూ మీ కుడివైపు నుంచే వస్తుంది. అంటే ఇదీ కుడిచేతి సూత్రమే, విడిగా గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ లేదు. బ్రిటన్‌లో దీన్ని 1966లో నియమం చేశారు. అంతకుముందు అక్కడ వచ్చినవాళ్ళు వచ్చినట్టు లోపలికి దూరితే, లోపలున్నవాళ్ళు బయటికి పోలేక సర్కిల్ మొత్తం బిగుసుకుపోయేది. లోపలివాళ్ళకి ముందు దారి ఇస్తే సర్కిల్ దానంతటదే ఖాళీ అవుతూ ఉంటుంది. పారిస్‌లో విజయతోరణం చుట్టూ ఉన్న సర్కిల్‌లో ఇప్పటికీ దీనికి తిరగేసిన పద్ధతి ఉంది, లోపలివాళ్ళే ఆగి కొత్తగా వచ్చేవాళ్ళకి దారి ఇస్తారు. అక్కడి రద్దీ ప్రపంచ ప్రసిద్ధం. మన ఊళ్ళలో కాగితం మీద బ్రిటన్ నియమం ఉంది, రోడ్డు మీద పారిస్ పద్ధతి నడుస్తుంది. సాయంత్రం ఆరింటికి సర్కిళ్ళు బిగుసుకోవడం, ఆఖరికి అక్కడ కూడా సిగ్నళ్ళు పెట్టాల్సిరావడం, రెండూ దాని ఫలితాలే. సర్కిల్‌లోంచి బయటపడే ముందు ఎడమ ఇండికేటర్ వేస్తే బయట కాచుకున్నవాడికి మీరు తన దారికి అడ్డం రారని తెలుస్తుంది. ఇంత చిన్న పని చేసేవాళ్ళు అరుదు.

పచ్చలైటున్నా ముందుకు పోకూడని సందర్భం ఒకటుంది. జంక్షన్ అవతల బండ్లు ఆగిపోయి మీకు చోటు లేకపోతే ఇవతలే ఆగాలి. కొన్ని జంక్షన్లలో మధ్యన పసుపు గీతలతో అడ్డదిడ్డంగా గళ్ళు గీసి ఉంటాయి. ఆ గళ్ళలో బండి ఆగకూడదని చెప్పడానికే అవి.

జీబ్రా గీతల దగ్గర సిగ్నల్ లేకపోతే నడిచేవాళ్ళకే ముందు దారి. దీని గురించి ఎక్కువ రాయాల్సిన పని లేదు, కానీ 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచి పోతున్నవాళ్ళేనని కేంద్ర రవాణా శాఖ లెక్క. ‘ఫ్రీ లెఫ్ట్’ అని బోర్డున్న చోట చాలామంది ఆ మాటని నడిచేవాళ్ళ నుంచి కూడా విముక్తి అని అనుకుంటారు. సిగ్నల్ కోసం ఆగక్కర్లేదు, అంతవరకే. దాటుతున్న మనిషికీ, మీరు ఎక్కబోతున్న రోడ్డు మీది బండ్లకీ దారి ఇవ్వాల్సిందే.

ఘాట్ రోడ్డు మీద రెండు బండ్లు పట్టని చోట కిందికి దిగేవాడు ఆగి, పైకెక్కేవాడికి దారి ఇవ్వాలి. ఎత్తు మీద ఆగిన బండిని మళ్ళీ కదిలించడం ఎంత కష్టమో హాఫ్ క్లచ్ నేర్చుకుంటున్నవాళ్ళకి చెప్పనక్కర్లేదు, కొంచెం తడబడితే వెనక్కి జారుతుంది. అరకు, మారేడుమిల్లి, శ్రీశైలం దారుల్లో ఇది పనికొస్తుంది. తిరుమలకి మాత్రం ఎక్కడానికి ఒక రోడ్డు, దిగడానికి ఇంకో రోడ్డు ఉన్నాయి గనక అక్కడ ఈ ప్రశ్నే రాదు. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు దిగడానికి, 1974లో వేసిన రెండోది ఎక్కడానికి.

పల్లెల్లో ఒంటి వరస తారు రోడ్డు వెడల్పు సాధారణంగా 3.75 మీటర్లు. రెండు కార్లు ఎదురుపడితే ఇద్దరూ చెరో పక్క రెండు చక్రాలు మట్టిలోకి దించాల్సిందే. ఎదురుగా ధాన్యం బస్తాల ట్రాక్టరో, గడ్డి లోడో వస్తుంటే మాత్రం మీరే పూర్తిగా దిగండి. దీన్ని ఎవరూ చట్టంగా చెప్పరు, అక్కడి ఆనవాయితీ అది, దానికి కారణమూ ఉంది. అంత ఎత్తు లోడుతో ఒక పక్క చక్రం మెత్తటి మట్టిలోకి దిగితే ట్రాలీ ఒరిగిపోతుంది. పట్నంలో ఇదే సూత్రం ఇంకో రూపంలో ఎదురవుతుంది. మీ పక్కన కారు పార్క్ చేసి ఉంటే, దాన్ని తప్పించుకోవడానికి అవతలి సగంలోకి పోవాల్సింది మీరు. కాబట్టి ఎదురొచ్చేవాడు పోయేదాకా మీరే ఆగాలి. అడ్డం ఎవరి వైపుంటే వాళ్ళు ఆగాలి.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట ర్యాంపు మీంచి వచ్చి కలిసేవాళ్ళు లోపల పోతున్నవాళ్ళకి దారి ఇవ్వాలి. కానీ ర్యాంపు చివర ఆగిపోతే ఇంకా ప్రమాదం, నిలబడ్డ బండి ఆ వేగాల మధ్యలోకి ఎక్కలేదు. ర్యాంపు మీదే వేగం పెంచుకుని, కుడి అద్దంలో ఖాళీ చూసుకుని, దాంట్లో కలవాలి. ఇది కొత్తవాళ్ళు కొంచెం చేయి తిరిగాకే చేయాల్సిన పని.

ఈ వరసలన్నిటినీ పక్కన పెట్టించేవి అంబులెన్సు, ఫైరింజన్. సైరన్ వినగానే ఎడమకి తప్పుకుని దారి వదలాలి. మోటారు వాహనాల చట్టం 194ఈ సెక్షన్ కింద దారి ఇవ్వకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల జరిమానా, లేదా రెండూ. లెర్నర్లు సైరన్ వినగానే కంగారుపడి ఉన్నచోటే బ్రేకేసి నిలబడిపోతారు, అది దారి మూయడమే అవుతుంది. మొదట అద్దాల్లో వెనక్కి చూడాలి, అది ఎటు నుంచి వస్తోందో, ఏ లేన్‌లో ఉందో తెలుసుకోవాలి, ఇండికేటర్ వేసి జరగాలి. మీరు పక్కకి జరిగాక దాని వెనకే తోకలా అంటుకుని ముందుకుపోయేవాళ్ళు కొందరుంటారు, వాళ్ళని చూసుకుని మళ్ళీ రోడ్డులోకి రావాలి.

నేర్చుకునేవాళ్ళకి ఇదంతా బుర్రకెక్కాలంటే ఆదివారం పొద్దున్నే కాలనీ చౌరస్తాలు మంచి బడి. పక్కన లైసెన్సున్నవాళ్ళు కూర్చోవాలి, బండికి తెల్ల పలక మీద ఎర్ర ‘ఎల్’ ఉండాలి, ఇవి చట్టం అడిగేవే. ప్రతి కూడలికీ సెకండ్ గేరులో, పాదం బ్రేకు మీద ఆనించి చేరండి. ‘ఇక్కడ నేను ఎవరికి ఇవ్వాలి?’ అని పైకే అనండి. ‘ఇక్కడ ముందు ఎవరు?’ అని మనల్ని మనం అడిగితే మన బుర్ర ఎప్పుడూ మనకే అనుకూలంగా తీర్పు చెబుతుంది.

విదేశం పోయేవాళ్ళకి కుడి ఎడమలు మళ్ళీ తారుమారవుతాయి. బ్రిటన్‌లో మనలాగే ఎడమ పక్కన నడుపుతారు గానీ, గుర్తులేమీ లేని నాలుగు రోడ్ల కూడలిలో అక్కడ ఎవరికీ ముందు దారి లేదు, అందరూ జాగ్రత్తగా పోవాల్సిందే. మన కుడిచేతి సూత్రాన్ని నమ్ముకుని అక్కడ ముందుకురకడం పొరపాటు. అమెరికాలో కుడి పక్కన నడుపుతారు, అయినా బోర్డులు లేని కూడలిలో ఒకేసారి వచ్చినవాళ్ళలో కుడివైపు వాళ్ళకే దారి ఇవ్వాలి. నాలుగు వైపులా స్టాప్ బోర్డులుండే కూడళ్ళు అక్కడ అడుగడుగునా ఉంటాయి. ముందు వచ్చి ఆగినవాళ్ళు ముందు పోతారు, ఒకేసారి వస్తే కుడివైపు ఉన్నవాళ్ళు ముందు. ఎవరూ లేకపోయినా చక్రం పూర్తిగా ఆగాలి, పాక్కుంటూ దాటేస్తే డ్రైవింగ్ టెస్టులో పోవడానికి అదొక్కటే చాలు. అక్కడి సర్కిళ్ళలో మాత్రం బండ్లు గడియారానికి ఎదురు దిశలో తిరుగుతాయి గనక ఎడమ నుంచి వచ్చేవాళ్ళకి దారి ఇవ్వాలి. అంటే మన దగ్గర కూడలికీ సర్కిల్‌కీ ఒకటే సూత్రం సరిపోయింది, అక్కడ రెండూ విడివిడిగా గుర్తుపెట్టుకోవాలి.